లోడు పెట్టి చూడండి: ఇంట్లో మల్టీమీటరు వాడటం ఎలా

కిందటి మార్గశిరంలో మా గీజరు మొండికేసింది. అరగంట ఆన్‌లో ఉంచినా నీళ్లు గోరువెచ్చగానే వచ్చేవి. మా ఆయన టెస్టరు తెచ్చి సాకెట్‌లో గుచ్చి చూశారు. ఎర్రగా వెలిగింది. "కరెంటు బ్రహ్మాండంగా ఉంది, గీజరే పోయింది, కొత్తది కొనాలి" అని తీర్పు చెప్పేశారు. నేను అంతకు రెండు రోజుల ముందే కొన్న మల్టీమీటరు తీసి పెట్టాను. 229 వోల్టులు చూపించింది. అదీ ఆయన మాటకే వంత పాడింది.

విశాఖలో మా చినవాల్తేరు వీధిలో అందరూ "కరెంటు తాత" అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. వచ్చి చూశారు, నా మీటరు చూశారు, నవ్వారు. "ఏటమ్మా, ఖాళీగా నిలబెట్టి కొలిత్తే ఎలగ? ఖాళీ చేతుల్తో అందరూ పైల్వాన్లే. కావిడి భుజానికెత్తితే కదా ఎవడెంతో తెలిసేది. లోడెట్టి సూడు" అన్నారు. లోడంటే కరెంటు లాగే వస్తువు.

గీజరు బాగానే ఉంది. పోయింది సాకెట్. అదెలా తెలిసిందో కింద చెబుతాను. ముందు మీటరు చేతిలో పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెడదాం. మీకు ఫిజిక్స్ గుర్తుండక్కర్లేదు. గుణింతం, భాగాహారం వస్తే చాలు.

ముందు మాటలు విడదీసుకోవాలి

మన దగ్గర అన్నిటికీ ఒకటే మాట. కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు స్తంభం, కరెంటాఫీసు, కరెంటు కొట్టింది. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, కొలవడానికి కూర్చుంటే ఇదే తికమక. మీటరు మీద "కరెంటు" అంటే ఒకే ఒక్క అర్థం: తీగలో ఎంత ప్రవహిస్తోంది అని. దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు.

మేడ మీద నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర తోపు అంత. అది వోల్టేజీ. కుళాయి తిప్పితే బకెట్‌లోకి నిమిషానికి ఎన్ని నీళ్లు పడుతున్నాయో అది ఆంపియర్లు. పైపు సన్నగా ఉన్నా, లోపల పాచి పట్టినా నీళ్లకు అడ్డు. అది ఓములు. ఇందులో ఒక్క సంగతి బాగా పట్టుకోండి: కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పాచి పట్టిన పైపులోనూ తోపు పూర్తిగానే ఉంటుంది. పాచి సంగతి కుళాయి తిప్పాకే బయటపడుతుంది.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 2000 వాట్ల గీజరును 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. అందుకే దానికి పెద్ద 16 ఆంపియర్ల సాకెట్ పెడతారు. సెల్‌ఫోన్ చార్జరు పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అడాప్టరు తగిలించి గీజరు ప్లగ్గును చిన్న సాకెట్‌లోకి ఎక్కించేవాళ్లు ఈ ఒక్క భాగాహారం చేసుకుంటే చాలు.

ఏ మీటరు కొనాలి

రెండు మూడు వందలకు దొరికే చిన్న పసుపురంగు మీటరు సెల్లులకూ, చార్జర్లకూ, వైరు తెగిందో లేదో చూడటానికీ సరిపోతుంది. గోడ సాకెట్‌లో పెట్టేదైతే మాత్రం నేను దాన్ని వాడను, మీరూ వాడొద్దు. మీటరు ముఖం మీద "క్యాట్ త్రీ, 600 వోల్టులు" అన్న ముద్ర ఉందేమో చూడండి. ఇంటి లైన్లలో ఒక్కోసారి హఠాత్తుగా ఎగిసే వోల్టేజీని తట్టుకునేలా లోపల ఎడం, ఫ్యూజు పెట్టి తయారుచేశారని దాని అర్థం. నేను డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో క్లాంప్ ఉన్నది తీసుకున్నాను. పైన ఎండ్రకాయ డెక్కల్లాంటి కొక్కెం ఉంటుంది. దాని పని తర్వాత.

మీటరుకు రెండు వైర్లు, నలుపు, ఎరుపు. నల్లది ఎప్పుడూ "కామ్" అని రాసిన రంధ్రంలోనే ఉంటుంది. ఎర్రది వోల్టు, ఓము గుర్తులున్న రంధ్రంలో పెట్టాలి. కొన్ని మీటర్లలో "10 ఆంపియర్లు" అని మూడో రంధ్రం ఉంటుంది. ఎర్ర వైరును అందులోకి పెట్టకండి. మా ఇంట్లో నేనే పెట్టాను. పాత మీటరుతో ఏదో ఆటబొమ్మ కరెంటు కొలిచి, వైరు అక్కడే మర్చిపోయి, మర్నాడు గోడ సాకెట్‌లో వోల్టేజీ చూద్దామని గుచ్చాను. ఆ రంధ్రంలో ఉన్నప్పుడు మీటరు ఒట్టి తీగ ముక్కతో సమానం, అంటే ఫేజునూ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌నూ (అది తిరిగి వెళ్లే తీగ) నా చేత్తో నేనే కలిపేశానన్నమాట. ఫట్‌మని నీలం మంట వచ్చింది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తనే ఆగే స్విచ్చు) పడిపోయింది, ఎర్ర వైరు మొన మైనంలా కరిగి ఉండకట్టింది. చేతికి ఏమీ కాలేదు. ఆ మొనను ఇప్పటికీ మీటరు సంచిలో ఉంచాను.

తిప్పే మీటలో గుర్తులు: వోల్టు అక్షరం పక్కన అల లాంటి వంకర గీత ఉంటే ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారుతూ ఉండే కరెంటు, గోడ సాకెట్‌కు అది. నిలువుగా కాక అడ్డంగా తిన్నని గీత, దాని కింద చుక్కలు ఉంటే డీసీ, అంటే ఒకే వైపు పారేది, సెల్లులకు అది. గుర్రపునాడా ఆకారం ఓములకు. శబ్దం బొమ్మ ఉన్నది "బీప్" స్థానం, దారి తెగకుండా ఉంటే మోగుతుంది. డీసీ మీద ఉంచి గోడ సాకెట్ కొలిస్తే దాదాపు సున్నా చూపిస్తుంది. "కరెంటు లేదు" అనుకుని చెయ్యి పెట్టారంటే అంతే. అందుకే ఎలక్ట్రీషియన్లు పాటించే పద్ధతి ఒకటుంది: కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి చూసి, తర్వాత అనుమానం ఉన్న చోట పెట్టి, మళ్లీ తెలిసిన చోట పెట్టి చూడటం. మధ్యలో మీటరు గానీ దాని బ్యాటరీ గానీ చచ్చిపోలేదని అప్పుడే నమ్మకం.

సెల్లుతో మొదలుపెట్టండి

షాక్ కొట్టనిది కాబట్టి ఇక్కడ చెయ్యి అలవాటు చేసుకోండి. టీవీ రిమోట్ సెల్లు తీసి, మీటను డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర మొన బొడిపె వైపు, నల్ల మొన చదునైన వైపు ఆనించండి. కొత్త ఆల్కలైన్ సెల్లు 1.5 కంటే కాస్త పైనే, 1.6 దగ్గర చూపిస్తుంది. మొనలు తారుమారు చేస్తే అంకె ముందు మైనస్ వస్తుంది. ఏమీ కాదు.

ఇప్పుడు అరిగిన సెల్లు పెట్టండి. 1.3 చూపిస్తోంది, మరి రిమోట్ ఎందుకు పనిచేయదు? కుళాయి కట్టేసిన పైపు ఇదే. మీటరు సెల్లు నుంచి లాక్కునేది లెక్కలోకి రానంత తక్కువ. రిమోట్ బటన్ నొక్కగానే లోపలి చిన్న దీపం ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ముసలి సెల్లు లోపలి అడ్డు పెరిగిపోయి ఉండటంతో వోల్టేజీ ధబుక్కున పడిపోతుంది. చిన్న టార్చిలో వేసి, బల్బు వెలుగుతుండగా సెల్లు రెండు చివర్లా కొలిస్తే దాని బతుకు తెలుస్తుంది. గోడగడియారం దాదాపు ఏమీ లాగదు కాబట్టి రిమోట్ కాదన్న సెల్లుతో అది ఇంకా మూడు నెలలు నడుస్తుంది. మా అమ్మకు ఈ లెక్కలేవీ తెలియకుండానే నలభై ఏళ్లుగా అదే చేస్తోంది.

ఇన్వర్టర్ బ్యాటరీకీ ఇదే నీతి. చార్జింగ్ పూర్తయి, కొన్ని గంటలు ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 11.8 అంటే ఖాళీ అయినట్టే. చార్జింగ్ జరుగుతుండగా కొలిస్తే 13.8, 14 అలా కనిపిస్తుంది, అది చార్జరు తోపే తప్ప బ్యాటరీ బలం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడ్డప్పుడు మా ఇన్వర్టర్ బ్యాటరీ అంతకు ముందు రోజు వరకూ "ఫుల్" అని పచ్చ లైటు చూపిస్తూనే ఉంది. కరెంటు పోయాక ఫ్యాన్లూ లైట్లూ కలిపి గంటన్నర కూడా నడవలేదు. తర్వాత రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాం. మెయిన్ స్విచ్ ఆపి రెండు ఫ్యాన్లు తిరుగుతుండగా పావుగంటకోసారి వోల్టేజీ రాసుకుని ఉంటే ఆ బ్యాటరీ సంగతి వానాకాలానికి ముందే తెలిసేది. 12.6 నుంచి మెల్లగా 12.3, 12.2 అని దిగితే మంచిది. పది నిమిషాల్లో 11 కిందికి జారితే దానికి రోజులు దగ్గరపడ్డాయి. బ్యాటరీ మూతలు తీసేటప్పుడు, టెర్మినళ్ల మీద మొనలు పెట్టేటప్పుడు రెండు టెర్మినళ్లనూ ఏ లోహంతోనూ కలపకండి. అందులోంచి వందల ఆంపియర్లు రాగలవు, చేతి గాజు కూడా ఎర్రగా కాలిపోతుంది. గాజులు తీసి పక్కన పెట్టుకుని కూర్చోండి.

ఓములు: ప్లగ్గు పీకాకే

ఓములు, బీప్ ఈ రెండూ కొలిచేటప్పుడు వస్తువు గోడ నుంచి విడిపోయి ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు. మీటరే తన బ్యాటరీ నుంచి కొద్దిగా కరెంటు పంపి అడ్డు ఎంతుందో లెక్కగడుతుంది. అక్కడ 230 వోల్టులు ఎదురైతే మీటరు పోతుంది.

ముందు మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించండి. సున్నాకు దగ్గరగా, 0.3 అలా రావాలి. మా దగ్గర సముద్రపు గాలికి మొనల మీద పచ్చటి చిలుము పడుతుంది, అప్పుడు 3, 5 అని పిచ్చి అంకెలు వస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే సరి.

ఇప్పుడు ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసుకోండి. ఇస్త్రీపెట్టె మీట వేడి వైపు తిప్పి, ప్లగ్గుకున్న రెండు చిన్న పిన్నుల మీద మొనలు ఆనించండి. 1000 వాట్లదైతే 53 ఓముల దగ్గర రావాలి. ఈ అంకె ఎలా వచ్చిందంటే 230ని 230తో గుణించి, వాట్లతో భాగించాను. 2000 వాట్ల గీజరైతే 26 చిల్లర. ఏమీ రాకపోతే, అంటే మీటరు ఎడమవైపు "1" అనో "ఓఎల్" అనో చూపిస్తే, దారి ఎక్కడో తెగింది: వైరు, థర్మోస్టాట్ (వేడి చాలనగానే ఆపే భాగం), లేదా లోపలి కాయిల్. సాధారణంగా వైరే, అదీ పెట్టెలోకి దూరే మలుపు దగ్గర. బీప్ మీద పెట్టి ఆ మలుపును అటూ ఇటూ వంచితే శబ్దం వచ్చి పోతూ ఉంటుంది. దొరికింది దొంగ.

తర్వాత ఒక మొన పెద్ద పిన్ను మీద, అంటే ఎర్తు (లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ) మీద, రెండోది ఇస్త్రీపెట్టె అడుగు రేకు మీద పెట్టండి. ఇక్కడ సున్నాకు దగ్గరగా రావాలి, బీప్ మోగాలి. మోగకపోతే ఆ పెట్టెకు ఎర్తు లేదు. ఇక మొన పెద్ద పిన్ను మీదే ఉంచి, రెండోది చిన్న పిన్ను మీదకు మార్చండి. ఇప్పుడు ఏమీ రాకూడదు. ఏదైనా అంకె వస్తే లోపల లీకు ఉంది, ఆ పెట్టె వాడకండి.

ఒక వింత చూడాలనుంటే, పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే కొలవండి. లెక్క ప్రకారం 529 ఓములు రావాలి. మీటరు 40 దగ్గర చూపిస్తుంది. మీటరు తప్పు కాదు. చల్లటి తీగకు అడ్డు తక్కువ, తెల్లగా కాలేటప్పుడు పదింతలకు పైగా పెరుగుతుంది. స్విచ్చు వేసిన క్షణంలో ఆ బల్బు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు మింగుతుంది, అందుకే ఆ బల్బులు వెలుగుతూ వెలుగుతూ కాక, స్విచ్చు వేసినప్పుడే ఠప్‌మని పోయేవి.

గోడ సాకెట్: అసలు పరీక్ష

కాళ్లకు రబ్బరు చెప్పులు, పొడి చేతులు, పక్కన ఇంకో మనిషి. సాకెట్ దగ్గర కాలిన మచ్చ గానీ వాసన గానీ ఉంటే కొలతలేమీ వద్దు, ఆ లైను ఎంసీబీ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మొనల మీద వేళ్లు జారకుండా చిన్న అంచు ఉంటుంది, వేళ్లు దాని వెనకే ఉండాలి.

సాకెట్‌ను ఎదురుగా చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. మీట ఏసీ వోల్టుల మీద. మూడు కొలతలు తీసుకోండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 220 నుంచి 240 మధ్యలో ఎక్కడైనా రావచ్చు, సాయంత్రం అందరి ఏసీలూ నడిచేటప్పుడు ఇంకాస్త తగ్గవచ్చు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు. ఫేజు-ఎర్తు మధ్య 90, 120 లాంటి అర్థంలేని అంకె వస్తే ఎర్తు వైరు గాల్లో వేలాడుతోందని అనుమానించండి. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జివ్వుమనడం, చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి నిమిరితే చీమలు పాకినట్టుండటం ఇలాంటి ఇళ్లలోనే. చార్జరు లోపల అవాంఛిత తరంగాలను ఎర్తులోకి పంపే కెపాసిటర్లు అనే చిన్న భాగాలు ఉంటాయి. ఎర్తు లేనప్పుడు పంపే చోటు లేక, అదే కాస్తా పైరేకు మీదికి చేరుతుంది. మనూళ్లో వేసవిలో నేల ఎండిపోతే ఎర్తు గొయ్యి కూడా బలహీనమవుతుంది. బొగ్గూ ఉప్పూ వేసిన ఆ గొయ్యిలో ఓ బకెట్ నీళ్లు పోయడం మా తాతల కాలం నాటి చాదస్తమేమీ కాదు.

ఇక తాత చూపించిన పద్ధతి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసుకుని, దాన్ని అనుమానం ఉన్న సాకెట్‌లో పెట్టండి. గీజరు సాకెట్‌కైతే పెద్ద ప్లగ్గున్న బాక్స్ కావాలి. బాక్స్‌లో ఒక రంధ్రంలో ఇస్త్రీపెట్టె, రెండో రంధ్రంలో మీటరు మొనలు. ఇస్త్రీపెట్టె ఆఫ్‌లో ఉండగా అంకె రాసుకోండి. ఇప్పుడు ఆన్ చేసి మళ్లీ చూడండి. ఇస్త్రీపెట్టె ఎర్ర దీపం వెలిగినప్పుడు అంకె కాస్త కుంగుతుంది, వేడెక్కి దీపం ఆరగానే మళ్లీ లేస్తుంది. ఊపిరి వదిలి పీల్చినట్టు. మా వంటింటి సాకెట్‌లో 230, 227, మళ్లీ 230. ఇది ఆరోగ్యం. తీగలు ఎంత మంచివైనా రెండు మూడు వోల్టులు దారిలో తింటాయి.

గీజరు సాకెట్‌లో పెట్టాం. ఖాళీగా 229. ఇస్త్రీపెట్టె దీపం వెలిగింది, 214. తాత నా వంక చూశారు. పదిహేను వోల్టులు ఎక్కడికి పోయాయి? దారిలో ఎక్కడో వేడిగా మారాయి. ఇస్త్రీపెట్టె అప్పుడు లాగుతున్నది సుమారు 4 ఆంపియర్లు. 15ను 4తో గుణిస్తే 60 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బు వేడంతా గోడలో, బటాణీ గింజంత ఇత్తడి ముక్క మీద. గీజరైతే ఇస్త్రీపెట్టెకు దాదాపు రెట్టింపు లాగుతుంది, కరెంటు రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. అంటే రోజూ పొద్దున్నే ఆ గోడలో 200 వాట్లకు పైబడిన పొయ్యి వెలిగించుకుని, నీళ్లు కాగడం లేదని గీజరును తిట్టుకుంటున్నాం.

మెయిన్ ఆపి సాకెట్ విప్పారు. ఇత్తడి బిగింపు మీద ఉప్పుగాలికి పచ్చటి పొర, స్క్రూ ఒక చుట్టు వదులు, ఫేజు వైరు తొడుగు బెల్లం పాకంలా ముదురు గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కింది. తాత వేలితో తాకితే రాలిపోయింది. ఆ చివర కత్తిరించి, రాగి మెరిసేదాకా గీకి, కొత్త సాకెట్ బిగించారు. మళ్లీ అదే పరీక్ష: 229, 226. గీజరు పాతదే, ఇప్పటికీ అదే ఉంది. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు పెద్ద సాకెట్లన్నిటికీ రెండేళ్లకోసారైనా ఈ పరీక్ష చేయించుకోండి. సాకెట్ విప్పడం మాత్రం తెలిసినవాళ్ల పని.

దయ్యం వోల్టేజీ

ఫ్యాన్ స్విచ్చు ఆపేశారు, ఆ వైరు మీద మీటరు పెడితే 60, 70 వోల్టులు చూపిస్తోంది. టెస్టరు కూడా మినుకుమంటోంది. కంగారు పడకండి. గోడలో ఒకే పైపులో పక్కపక్కన పరిగెత్తే తీగలు చిన్న కెపాసిటర్‌లా పనిచేసి, బతికున్న తీగ పక్కనున్న చచ్చిన తీగకు కాస్త అంటిస్తుంది. మంచి మీటరు 10 మెగా ఓముల, అంటే కోటి ఓముల, అడ్డుతో కొలుస్తుంది కాబట్టి ఆ పిసరును కూడా పట్టేస్తుంది. దానికి ఒక బల్బు తగిలిస్తే చాలు, ఆ వోల్టేజీ మాయం. తాత జేబులో మీటరు ఉండదు, హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు ఉంటుంది. ఇన్నాళ్లూ అది పేదరికం అనుకున్నాను. లోడూ మీటరూ కలిసిన పనిముట్టు అది. స్విచ్చు ఆపినా రాత్రిపూట ఎల్‌ఈడీ బల్బు సన్నగా మెరుస్తూ ఉండటానికీ చాలాసార్లు కారణం ఈ దయ్యమే. ఒక్కోసారి స్విచ్చును ఫేజుకు కాక న్యూట్రల్‌కు పెట్టడం వల్ల కూడా అలా జరుగుతుంది, అది మాత్రం సరిచేయించాలి. అలాంటి చోట స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు బతికే ఉంటుంది.

ఎండ్రకాయ డెక్కలతో ఆంపియర్లు

క్లాంప్ మీటరుంటే తీగ తెంపక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, డెక్కలు దాన్ని పట్టుకుని ఆంపియర్లు చెబుతాయి. కొత్తవాళ్లు అందరూ చేసే పొరపాటు, మిక్సీ వైరు మొత్తం డెక్కల్లో పెట్టడం. సున్నా వస్తుంది. వైరులో రెండు తీగలున్నాయి, ఒకదాంట్లో వెళ్లేది రెండోదాంట్లో తిరిగొస్తుంది, రెంటి క్షేత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మెయిన్ బోర్డు దగ్గర ఎలక్ట్రీషియన్ మూత తీసినప్పుడు ఒక్క ఫేజు తీగను మాత్రమే పట్టి చూడండి.

ఈ సున్నాయే మీ ప్రాణం కాపాడే పరికరానికి ఆధారం. మెయిన్ బోర్డులో "టెస్ట్" అని బటన్ ఉండే ఆర్‌సీసీబీ లోపల రెండు తీగలూ ఒకే ఉంగరంలోంచి వెళతాయి. వెళ్లినదీ వచ్చినదీ సమానమైతే మాట్లాడదు. ఎవరికైనా షాక్ కొట్టి కొంత కరెంటు ఒంట్లోంచి నేలలోకి పోతే, తిరిగొచ్చేది తగ్గుతుంది, తేడా 30 మిల్లీ ఆంపియర్లు చేరేలోపే లైను తెగ్గొట్టేస్తుంది. ఎంసీబీకి ఈ పని రాదు, దానికి తెలిసింది తీగ కాలకుండా చూడటమే. నెలకోసారి ఆ బటన్ నొక్కండి. పడకపోతే మార్పించండి.

మీటరు ఎర్ర చుక్కతో వాట్లు

చివరిది మల్టీమీటరు లేకుండానే చేసేది, పిల్లలతో కూర్చుని చేయండి. ఈపీడీసీఎల్ వాళ్లు, అంటే మా కరెంటాఫీసు వాళ్లలాంటి వాళ్లు, మీ గోడకు బిగించిన మీటరు మీద మినుకుమినుకుమనే ఎర్ర దీపం ఉంటుంది. పక్కన యూనిట్‌కు ఎన్ని మినుకులో ముద్రించి ఉంటుంది. మా దాని మీద 3200. ఒక వాటు సెకనుసేపు వాడితే ఒక జౌల్, ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్కో మినుకు 1125 జౌళ్లు. ఒక మినుకుకూ తర్వాతి దానికీ మధ్య ఎన్ని సెకన్లో చూసి, 1125ను దానితో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు మొత్తం ఎన్ని వాట్లు తాగుతోందో వచ్చేస్తుంది. మీ దాని మీద 1600 ఉంటే 2250 తీసుకోండి. ఇంకేదైనా ఉంటే 36 లక్షలను ఆ అంకెతో భాగించండి.

అన్నీ ఆపేసి ఒక్క పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్లు మీద పెడితే మాకు 15 సెకన్లకో మినుకు, అంటే 75 వాట్లు. పిల్లల గదిలో తక్కువ కరెంటుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 37 సెకన్లు పట్టింది, 30 వాట్లు. గాలిలో తేడా నాకు తెలియలేదు. గీజరు పెడితే సగం సెకనుకో మినుకు, లెక్కపెట్టలేం, అలాంటప్పుడు ఇరవై మినుకులకు ఎంత పట్టిందో చూసి ఇరవైతో భాగించుకోండి.

తర్వాత అన్నీ ఆపేశాం. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేశాం. దీపం ఆగిపోవాలి కదా. 45 సెకన్లకోసారి మినుకుమంటూనే ఉంది. 25 వాట్లు ఎవరు తాగుతున్నారు? ఎంసీబీలు ఒక్కొక్కటే దించుతూ వచ్చాం. హాల్లోది దించితే 75 సెకన్లైంది. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్స్ నిద్రపోలేదు, దాని వాటా 10. మిగిలిన 15 వాట్ల కోసం పెద్దబ్బాయి టార్చి పట్టుకుని ఇల్లంతా తిరిగి, పడకగదిలో అటక కింద ఆగాడు. ఏసీ ఆపి నాలుగు నెలలైంది, దాని స్టెబిలైజర్ మాత్రం గోడ మీద వెచ్చగా, బుసబుసలాడుతూ ఆన్‌లోనే ఉంది. నెలకు పదకొండు యూనిట్లు. ఇప్పుడు ఆ స్విచ్చు పక్కన వాడి చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: "ఏసీ ఆపితే నన్నూ ఆపండి."